"మన జనానికి క్రమశిక్షణ లేదు" అనేవాళ్ళకి

పోస్టు కొంచెం పెద్దది. తీరిక చూసుకుని చివరిదాకా చదవండి. నచ్చకపోతే తిట్టండి, కానీ చదివి తిట్టండి.

కరోనా ప్రస్తావన ఎప్పుడొచ్చినా రచ్చబండ దగ్గర ఒక మాట వినపడుద్ది. "మన జనానికి క్రమశిక్షణ లేదు, అందుకే అన్ని ప్రాణాలు పోయినయ్" అని. చదువుకున్నోళ్ళు అన్నారు, టీవీల్లో అన్నారు, ఇప్పుడు మనలో మనమే అనుకుంటున్నాం. ఈ మాట తప్పు. తప్పే కాదు, అసలు బాధ్యుల్ని తప్పించే మాట.

అప్పుడు మనకి చెప్పింది మూడు ముక్కలు. ఇంట్లో ఉండు, దూరం పాటించు, చేతులు కడుక్కో. మంచి మాటలే. కానీ 2011 జనాభా లెక్కలు చూడండి. దేశంలో మూడో వంతుకు పైగా కుటుంబాలకి ఉన్నది ఒక్కటే గది. ఇంటి ఆవరణలోనే తాగునీళ్ళు ఉన్న కుటుంబాలు సగం కూడా లేవు. ఒకే గదిలో ఐదుగురు పడుకుంటే ఎవరికి ఎవరు దూరం? బిందె నీళ్ళకి బోరింగు దగ్గర వరస కట్టేవాళ్ళు గంటకోసారి చేతులెట్లా కడుగుతారు? నెల జీతం పడేవాడికి ఇంట్లో ఉండటం సెలవు. ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకునేవాడికి అది పస్తు.

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు టీవీలో చెప్పారు, 12 గంటలకు దేశం మూసేశారు. 21 రోజులన్నారు, ఇచ్చిన గడువు 4 గంటలు. పంట కోతలకి, మార్కెట్ యార్డులకి మినహాయింపు ఇస్తూ కేంద్రం ఉత్తర్వు వచ్చింది ఎప్పుడు? మార్చి 27న. మిర్చి కల్లాల్లో ఉంది, వరి కోతకొస్తోంది, మొక్కజొన్న చేలో ఉంది. దేశానికి తిండి పెట్టేవాడి సంగతి మూడు రోజులకి గాని గుర్తు రాలేదు. ఆ మొదటి ఆర్డరు రాసినవాళ్ళ కళ్ళ ముందు ఎలాంటి ఇల్లు ఉందో మీరే ఊహించుకోండి. ఫ్రిజ్ నిండా కూరగాయలు, బ్యాంకులో డబ్బులు ఉన్న ఇల్లు. మన ఇల్లు కాదు.

ఇక మన కూలీల సంగతి. మిర్చి ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి కుటుంబాలకు కుటుంబాలు వస్తాయి, మనకి తెలిసిందే. పని ఆగింది, బస్సు ఆగింది, రైలు ఆగింది. వాళ్ళు అడవి దారిన నడక పట్టారు. మన మిర్చి తోటల్లో పనికొచ్చి, నడిచి నడిచి, ఇల్లు చేరకుండానే ప్రాణం విడిచిన పసిపిల్ల కూడా ఉంది. ఆ పిల్లకి క్రమశిక్షణ లేదందామా?

వాళ్ళు ఇక్కడే ఎందుకు ఆగలేదని అడిగేవాళ్ళకి ఒక లెక్క చెప్తా. వాళ్ళకీ రేషన్ కార్డు ఉంది. ఆ కార్డు అప్పుడు మన ఊరి షాపులో చెల్లేది కాదు. ఒక రాష్ట్రం కార్డు ఇంకో రాష్ట్రంలో చెల్లే పద్ధతి 2019 ఆగస్టులో మన ఆంధ్ర, తెలంగాణల మధ్య మొదలైంది. ఛత్తీస్‌గఢ్ అందులో చేరింది 2022 ఫిబ్రవరిలో. తెలంగాణ ప్రభుత్వం వలస కూలీకి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది, కాదనను. కానీ ఏ జాబితాలోనూ పేరు లేనోడికి అది ఎట్లా చేరుద్ది? ఎంతమంది వలస కూలీలు చనిపోయారని 2020 సెప్టెంబరులో పార్లమెంటులో అడిగితే, లెక్కలు లేవని కేంద్రం జవాబిచ్చింది. బతికున్నప్పుడు జాబితాలో లేరు, పోయాక కూడా లెక్కలో లేరు.

లాక్‌డౌన్ వద్దని నేను అనట్లేదు. రోగం ఆగాలంటే జనం ఆగాలి. జనం ఆగాలంటే ముందు పొయ్యి వెలగాలి. కేరళలో దేశం మూయకముందే, మార్చి 19నే, 20,000 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. పంచాయతీల ద్వారా వంటశాలలు పెట్టారు. వలస కూలీలని అతిథి కార్మికులు అన్నారు. 2021 జూన్, జూలైలో ఐసీఎంఆర్ రక్త పరీక్షల సర్వే చేస్తే, వైరస్ వల్లనో టీకా వల్లనో యాంటీబాడీలు వచ్చినవాళ్ళు మధ్యప్రదేశ్‌లో 79 శాతం, ఆంధ్రలో 70 శాతం, కేరళలో 44 శాతం. తర్వాత అక్కడా కేసులు బాగా పెరిగినయ్, నిజమే. కానీ చాలామందికి టీకా పడేదాకా రోగాన్ని వెనక్కి నెట్టగలిగారు. అది ఒక్క రోజులో వచ్చిన తెలివి కాదు. ఏళ్ళ తరబడి కట్టుకున్న ఆసుపత్రులు, బలమున్న పంచాయతీలు.

డబ్బుంటే చాలు అనుకునేవాళ్ళు అమెరికా వైపు చూడండి. మన పిల్లలు ఎగబడి పోయే దేశం. అక్కడ 10 లక్షల మందికి పైగా చనిపోయారు. జబ్బు చేస్తే జీతంతో సెలవు ఇచ్చి తీరాలనే శాశ్వత చట్టం ఆ దేశం మొత్తానికి లేదు. మాంసం ఫ్యాక్టరీల్లో కూలీలు భుజం భుజం ఆనించి పనిచేశారు, అక్కడే రోగం గుప్పుమంది. దేశం దగ్గర డబ్బుండటం వేరు, కూలివాడి చేతిలో ధైర్యం ఉండటం వేరు.

మన దేశాన్ని అప్పుడు ఆదుకున్నది ఏంది? రేషన్ షాపు, ఉపాధి హామీ. 80 కోట్ల మందికి తలా 5 కిలోల ఉచిత తిండిగింజలు పంచగలిగారంటే ఆ షాపులు ముందే ఉన్నాయి కాబట్టి. 2020-21లో 11 కోట్ల మందికి పైగా ఉపాధి పనికి పోయారంటే ఆ చట్టం 2005లోనే చేశారు కాబట్టి. ఇక్కడ మనకీ ఒక మాట. "ఉపాధి పని వల్ల కూలోళ్ళు దొరకట్లా" అని సణిగేది మనమే. పట్నం నుంచి తిరిగొచ్చిన మన పిల్లలు కూడా ఆ పనికే పోయారని మర్చిపోవద్దు.

ముందే కట్టుకోనిది మాత్రం చేతికి రాలేదు. ప్రజారోగ్యానికి ప్రభుత్వాల ఖర్చు జాతీయాదాయంలో 2.5 శాతానికి పెంచుతామని 2017లో రాసుకున్నారు. కరోనా వచ్చేనాటికి ఒకటిన్నర శాతం కూడా లేదు. 2021లో ఆక్సిజన్ కోసం జనం పరుగులు పెట్టింది అందుకే. అదే ఏడు మేలో 18 నుంచి 44 ఏళ్ళవాళ్ళకి టీకా కావాలంటే ఫోన్లో రిజిస్ట్రేషన్ అన్నారు. స్మార్ట్ ఫోన్ లేనోడి గతేంటని సుప్రీంకోర్టు అడగాల్సి వచ్చింది.

ఇంకో రోగం రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. వానకి ముందే గట్టు వేస్తాం, వరదొచ్చాక వేస్తామా? కాబట్టి వచ్చే గ్రామసభలో మూడు అడగండి. సబ్ సెంటర్లో నర్సమ్మ, మందులు రోజూ ఉంటున్నాయా? మన ఊరికి వచ్చే వలస కూలీల పేర్లు పంచాయతీలో రాస్తున్నారా? వాళ్ళ కార్డుకి మన షాపులో బియ్యం ఇస్తున్నారా?

అడిగాక జవాబు చెప్పనివాళ్ళ క్రమశిక్షణ గురించి అప్పుడు మాట్లాడదాం.