మధుమేహ రోగి కంటిపై సూక్ష్మజీవులు

ఆరోగ్యవంతుని కంటిపై సూక్ష్మజీవులే ఉండవని మనలో పెక్కుమంది భావిస్తారు. అది సరికాదు. కనురెప్పల అంచులందును, తెల్లగుడ్డును కప్పియున్న పలుచని పొరమీదను స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్, కారినీబాక్టీరియం వంటి బాక్టీరియాలు తరచుగా నివసిస్తూనే ఉంటాయి. సాధారణంగా వాటివల్ల కీడు లేదు. రెప్పపాటు వాటిని తుడిచివేస్తుంది, కన్నీరు కడిగివేస్తుంది, కన్నీటిలోని లైసోజైమ్ కొన్నింటి కణకవచాన్ని ఛేదిస్తుంది. ఈ లైసోజైమ్‌ను 1922లో లోకానికి వెల్లడించినవాడు అలెగ్జాండర్ ఫ్లెమింగ్. ఆయన పెన్సిలిన్‌ను ఎరిగిన విద్యార్థులు లైసోజైమ్‌ను ఎరుగకపోవడం కొంత విచారకరమే.

మధుమేహం ఈ కట్టుబాటును సడలిస్తుంది. పలువురు రోగులలో కన్నీరు తగ్గుతుంది. కార్నియాలోని నరములు బలహీనపడుటచే నలుసు పడినా వెంటనే తెలియదు. గీసుకొన్న గాయం త్వరగా మానదు. రోగక్రిములతో పోరాడే తెల్ల రక్తకణాల శక్తి సైతం క్షీణిస్తుంది. మధుమేహ రోగుల కంటినుండి తీసిన నమూనాలలో ఇతరులకంటె ఎక్కువ తరచుగా బాక్టీరియా పెరిగినట్లు అనేక పరిశోధనలు తెలిపాయి. అన్నింటి ఫలితాలూ ఒకే తీరున లేకపోయినా, అశ్రద్ధ చేయదగిన విషయం మాత్రం కాదు.

ఎందుకనగా, మధుమేహ రోగులకు శుక్లాలు ముందుగా వస్తాయి. శస్త్రచికిత్స తరువాత అరుదుగా కంటిలోపల చీము పట్టి చూపు పోయే ప్రమాదం కలదు. ఆ క్రిములు చాలాసార్లు రోగి రెప్పలమీదివే! అందుచేతనే వైద్యులు శస్త్రచికిత్సకు ముందు కంటిలో 5 శాతం పోవిడోన్ అయోడిన్ వేస్తారు, రక్తంలో చక్కెర పరీక్షిస్తారు. "కంటి జబ్బుకు వేలు గుచ్చడమెందుకు?" అని విసుగుకొనే బంధువులు ఈ సంగతి గ్రహించాలి.

వైద్యుని సలహా లేకుండ మందుల దుకాణంలో చుక్కల మందు కొని వేసుకొనే అలవాటు మరింత ప్రమాదకరం. అనవసరంగా వాడిన యాంటీబయాటిక్ సాధు క్రిములను చంపి, మందుకు లొంగని వాటిని మిగుల్చుతుంది. స్టెరాయిడ్ కలిసిన చుక్కలైతే క్రిములకు ఊతమిస్తాయి, కంటి పీడనాన్నీ పెంచవచ్చు. సుర్మా సంప్రదాయాన్ని నేను నిందించను. కాని ఇంటిల్లిపాదికీ ఒకే పుల్ల వాడటం మానవలెను. కొన్ని సుర్మాలలో సీసం ఉండటం వేరొక చిక్కు.

ఇక కళాశాల సంఘానికి నా మనవి. నేత్ర శిబిరమనగా అక్షరాల పట్టిక చదివించి కళ్ళద్దాలు వ్రాసి ఇవ్వడమేనా? భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం 2023లో వెల్లడించిన ప్రకారం మన దేశంలో మధుమేహ రోగులు 10 కోట్లకు పైబడి ఉన్నారు. వారిలో మన తల్లిదండ్రులూ ఉంటారు. కావున శిబిరానికి వారినీ ఆహ్వానించి, అదే బల్లవద్ద చక్కెర పరీక్ష కూడ జరిపించవలెను. ఆహ్వాన పత్రం ఉర్దూలోను తెలుగులోను ఉండాలి. చదువురాని పెద్దలకు దానిని చదివి వినిపించి, వెంటబెట్టుకొని రావడం విద్యార్థుల వంతు.