ఈ ప్లేటు... పట్టు వదలదు!

తడి బాత్‌రూమ్‌లో కాలు జారింది. 'ఏం కాలేదు, బెణికిందంతే' అంటూ మా మేనత్త పసుపూ సున్నం పట్టు వేసుకుని పడుకుంది. తెల్లారేసరికి చీలమండ బూరెలా పొంగింది. పాదం నేలకు మోపలేకపోయింది. ఎక్స్‌రే తీస్తే తేలింది... బయటివైపు ఎముక విరిగింది!

'ఆపరేషన్‌ చేయాలి. లాకింగ్‌ ప్లేటు వేద్దాం' అన్నారు డాక్టరు. అత్తకు 68 ఏళ్లు, పైగా షుగరు. 'ప్లేటు ప్లేటే కదరా! దానికంత ఖరీదెందుకు?' అని బావ నన్ను పక్కకు పిలిచి అడిగాడు. న్యాయమైన అనుమానమే!

చీలమండకు అటూ ఇటూ రెండు బుడిపెలు కనిపిస్తాయి కదా. లోపలిది టిబియా ఎముక చివర, బయటిది ఫిబులా చివర. రెండూ కలిసి పట్టకారులా టేలస్‌ అనే ఎముకను పట్టుకుంటాయి. ఒంటి బరువంతా దాని మీదే. ఆ టేలస్‌ 1 మిల్లీమీటరు పక్కకు జరిగితే చాలు, కీలులో ఎముకలు ఒకదానికొకటి ఆనే వైశాల్యం సగటున 42 శాతం తగ్గుతుందని 1976లో వెలువడిన ఓ అధ్యయనం తేల్చింది. ఎముక వంకరగా అతుక్కుంటే కీలు త్వరగా అరిగిపోయేది అందుకే. విరిగినా చోటు తప్పకుండా, కీలు కుదురుగా ఉంటే పిండికట్టు సరిపోతుంది. చోటు తప్పి కీలు కుదురు చెడితే సాధారణంగా ఆపరేషన్‌ తప్పదు.

ప్లేట్లు కొత్తవేం కావు. 1886లోనే జర్మనీ వైద్యుడు హాన్స్‌మన్‌ వీటి గురించి రాశాడు. మామూలు ప్లేటులో స్క్రూలు బిగిస్తే ప్లేటు ఎముకకు గట్టిగా నొక్కుకుంటుంది. ఆ ఒత్తిడే దాని బలం. మరి ఎముకే గుల్లబారితే? పాత గోడకు కొట్టిన మేకులా స్క్రూ వదులైపోతుంది.

2000 తర్వాత విరివిగా వాడకంలోకి వచ్చిన లాకింగ్‌ ప్లేటు కథ వేరు. ఇందులో స్క్రూ తలకూ, ప్లేటు రంధ్రానికీ మరలుంటాయి. సీసాకు మూత బిగిసినట్టు స్క్రూ ప్లేటులోనే బిగుసుకుంటుంది. దంతె పళ్లు బద్దకు బిగిసి ఉన్నట్టు, స్క్రూలన్నీ ప్లేటుతో ఒక్కటై నిలబడతాయి. ఒక్కొక్కటీ విడిగా ఊడి రావడం కష్టం. ప్లేటు ఎముకను గట్టిగా నొక్కాల్సిన పనీ లేదు కాబట్టి, ఎముక పైపొరకు అందే రక్తానికి అడ్డంకి తక్కువ.

అలాగని అందరికీ ఇదే కావాలా? అక్కర్లేదు. పాతికేళ్ల కుర్రాడి గట్టి ఎముక మామూలుగా విరిగితే సాధారణ ప్లేటే చాలు. ఎముక పలచబడిన వాళ్లకు, ముక్కలు ముక్కలైన వాళ్లకు లాకింగ్‌ ప్లేటు అక్కరకొస్తుంది. చిక్కులూ లేకపోలేదు. చీలమండ బయటివైపు చర్మం పలచన. ప్లేటు మందంగా ఉంటే కింద ఒరుసుకుంటుంది. షుగరున్న వాళ్లకు గాయం మానడం ఆలస్యం. ముక్కల్ని ముందు సరిగ్గా కూర్చకుండా బిగిస్తే, వంకరను వంకరగానే పట్టి ఉంచుతుంది!

అందుకే డాక్టర్ని మొహమాటం లేకుండా అడగండి. ఎముక ఎంత గట్టిగా ఉంది? మామూలు ప్లేటు ఎందుకు చాలదు? ఎప్పుడు కాలు మోపొచ్చు?

ఈ మూడో ప్రశ్న మర్చిపోవద్దు. ప్లేటు ఎముకను పట్టి ఉంచుతుందంతే, అతుక్కోవాల్సింది ఎముకే. అందుకు చాలామందికి ఆరు వారాలైనా పడుతుంది. షుగరుంటే ఇంకా ఎక్కువ. 'ప్లేటు పడిందిగా' అని డాక్టరు చెప్పకముందే నడిచేస్తే స్క్రూలు వదులు కావచ్చు, ప్లేటే విరగొచ్చు. పొగతాగే అలవాటుంటే ఎముక అతుక్కోవడం మరింత ఆలస్యం. ఇబ్బంది పెట్టకపోతే ప్లేటును తర్వాత తీయించక్కర్లేదు.

ఇంకో మాట. యాభై దాటిన వాళ్లకు నిలబడ్డ చోటే జారిపడి ఎముక విరిగిందంటే, అది గుల్లబారిందేమోనని అనుమానించాలి. పరీక్ష చేయించుకోవాలి.

బావకు ఇదంతా చెప్పాను. అత్తకు లాకింగ్‌ ప్లేటే వేయించాడు. మూడు నెలలకు ఆవిడ తులసికోట చుట్టూ మెల్లగా నడిచింది. ఆ వారమే బావ బాత్‌రూమ్‌ గోడకు పట్టుకునే కడ్డీ బిగించాడు. ప్లేటు ఖర్చుతో పోలిస్తే దానిదో లెక్కే కాదు. ముందే వేయించాల్సింది!