అంబాసిడరు సీమప్రయాణము

గడచిన సంక్రాంతికి మా పినతండ్రిగారి కుమార్తె ఇంగ్లండునుండి వ్రాసిన ఉత్తరములో కుశలప్రశ్నలకంటె కారు సంగతియే ఎక్కువగ నుండెను. ఆమె మామగారు కాకినాడలో ముప్పదియేండ్లు నడిపిన అంబాసిడరు కారును, వారు గతించిన పిమ్మట, ఆమె భర్త ఓడపై సీమకు తెప్పించుకొనదలచెనట. "అక్కయ్యా, ఇది పిచ్చియో పితృభక్తియో నీవే చెప్పవలెను" అని అడిగినది. రెండును కావచ్చునని మేము జవాబు వ్రాసితిమి. పిచ్చికైనను భక్తికైనను ఖర్చు ఒకటే గనుక, లెక్క తెలిసికొనక అడుగు వేయవలదనియు వ్రాసితిమి. పిమ్మట నాలుగు మాసములు మా యిరువుర నడుమ ఈ కారు ముచ్చటయే నడచినది. విదేశములలో బిడ్డలున్న సోదరీమణులు మన పాఠకురాండ్రలో పెక్కుమంది కలరు. వారికి పనికివచ్చునని ఆ ముచ్చట ఇచట వ్రాయుచున్నాము. మన దేశమునుండి బండిని పంపుటకు కావలసిన పత్రములు వేరు. వాని జోలికి ఇప్పుడు పోము.

నిజమునకు అంబాసిడరు పుట్టినింటికే పోవుచున్నదని చెప్పవచ్చును. ఆక్స్‌ఫర్డు చెంతనున్న కౌలీలో తయారైన మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు దీనికి మూలము. ఆ నమూనాను హిందుస్థాన్ మోటార్స్‌వారు తెచ్చుకొని, 1950వ దశాబ్దపు చివరినుండి బెంగాలులోని ఉత్తరపారాలో అంబాసిడరను పేర తయారుచేసిరి. 2014లో ఆ తయారీ నిలిచిపోయినది. దానికై అప్పుడు విచారించినవారము మేమును ఉంటిమి. కాని ఆ నిలిచిపోవుటయే మా చెల్లెలి కుటుంబమునకు మేలైనది. ఎట్లనగా:

బ్రిటనులోనికి బయటి దేశపు కారు వచ్చినచో, సాధారణముగ దిగుమతి సుంకము నూటికి 10, ఆపైన వ్యాట్ అను పన్ను నూటికి 20 చెల్లింపవలెను. ఈ వ్యాట్ కారు వెల, ఓడకూలి, భీమాలపైననే గాక, చెల్లించిన సుంకముపైన గూడ పడును. పన్నుపై పన్ను అన్నమాట. మా చెల్లెలి కారు ఓడకూలితో సహా 6,000 పౌండ్లని లెక్కవేసిరి. సుంకము 600, 6,600పై వ్యాట్ 1,320, మొత్తము 1,920 పౌండ్లు. అయితే ఆ దేశపు శాసనములో చారిత్రక విశేషముగల వాహనములకు వేరొక తరగతి కలదు. ఆ తరగతి కారుకు సుంకము లేదు. వ్యాట్ నూటికి 5 మాత్రమే. అనగా 300 పౌండ్లు! 1,620 పౌండ్ల భేదము ఏ గృహిణికి చిన్నది?

ఆ తరగతిలో చేరుటకు కారునకు ముప్పదియేండ్లు నిండవలెను. ఆ రకము ఇక తయారగుచుండరాదు. ఛాసిస్, ఇంజను, బ్రేకులు, స్టీరింగు మొదలగునవి పెద్ద మార్పులు లేక మొదటిరీతిని ఉండవలెను. వయస్సునకు లోటు లేదు. తయారీ 2014లోనే ఆగినది. చిక్కు ఇంజనుతో వచ్చునేమోయని మేము భయపడితిమి. పెట్రోలు ధర భరింపలేక అంబాసిడరులో డీజిలు ఇంజను బిగించుకొన్నవారు మన ఊళ్ళలో ఎందరో కలరు. ఈ కారునకును ఆ యోగము ఒకప్పుడు పట్టవలసినదే. మెకానిక్కు బేరమాడి బయానా గూడ పుచ్చుకొనెనట. చెల్లెలి అత్తగారు వాకిట నిలిచి, "ఆ డీజిలు చప్పుడు నా యింట వలదు" అని పట్టుపట్టి మాన్పించిరి. వంటిల్లు దాటి కారు సంగతులలో తలదూర్చినదని ఆనాడు అందరును నవ్విరట. రేవులోని ఏజంటు మొదట అడిగిన ప్రశ్న, "ఇంజను మొదటిదేనా?" అని.

కారు బ్రిటనులో దిగిన 14 దినములలోపల ఆ సంగతి పన్నుల శాఖవారికి తెలుపవలెను. ఈ తెలియజేతను నోవా అందురు. ఆలస్యమైనచో దినమునకు 5 పౌండ్ల చొప్పున జరిమానా పడవచ్చును. అంతకుమించి, నోవా పూర్తికానిదే రిజిస్ట్రేషను జరుగదు. మరది ఉద్యోగపు పనిలో పడి పదకొండు దినములు ఊరకున్నాడు. పండ్రెండవనాడు చెల్లెలు తానే కూర్చుండి ఆ పని ముగించినది.

పిమ్మట స్వాన్సీ పట్టణములోని వాహన కార్యాలయమునకు వి55/5 అను ఫారమును, 55 పౌండ్ల రుసుమును, కారు పుట్టుకను తెలుపు అసలు పత్రములను పంపవలెను. ఇచటనే అసలు పొరపాటు దొరలినది. ఫారములో మొదటి రిజిస్ట్రేషను తేదీ అడిగినచోట మరది 1989 అని నింపినాడు. అది అతని తండ్రి ఆ కారును ఇంకొకరివద్ద కొని తన పేరికి మార్చుకొన్న సంవత్సరము. కారు తయారైనదియు, మొదట రిజిస్టరైనదియు 1974. ఈ పదునైదేండ్ల తేడా ఎంత పని చేయునో చూడుడు. తయారై నలువది యేండ్లు నిండిన కారునకు, ఆ మరుసటి ఏప్రిల్ 1వ తేదీనుండి, ఆ దేశమున రోడ్డుపన్ను లేదు. 1974 నాటి బండికి ఆ గడువు 2015లోనే దాటినది. 1989 అనినచో 2030 ఏప్రిల్ వరకును ఏటా రెండువందల పౌండ్లకు మించిన పన్ను కట్టుచుండవలసినదే.

నిజము చెప్పు పత్రమేది? అత్తగారి పెట్టెలో, పట్టుచీరల అడుగున, నూనెగుడ్డలో చుట్టియున్న పాత ఆర్.సి. పుస్తకము. అందులో తయారీ సంవత్సరము, ఛాసిస్ సంఖ్య, మొదటి యజమాని పేరు అన్నియు కలవు. అది లేనిచో ఆ రకపు కార్ల సంఘమువారినో తయారీదారులనో ఆశ్రయించి వయఃపత్రము తెచ్చుకొనవలెను. అదియు దొరకక, కారు వయస్సో ఆనవాలో సందేహమున పడినచో, క్యూ అను అక్షరముతో మొదలగు సంఖ్య నిత్తురు. ఉంగరము పోగొట్టుకొని దుష్యంతుని కొలువులో నిలిచిన శకుంతల గతియే అది: మనిషి ఎదుటనే యున్నది, ఎవరో ఒప్పుకొనువారు లేరు. అత్తగారు మాత్రము ఆ పుస్తకమును టపాలో పంపుటకు మూడు దినములు ఒప్పుకొనలేదు. "ఆయన చేవ్రాలున్న కాగితమది" అనిరట. మేమైనను ఒప్పుకొనియుండము.

మా చెల్లెలికి కలిగిన సందేహమే మాకును కలిగెను: పన్ను లేనప్పుడు ఇక ఫారములెందుకు? అట్లు కాదు. చారిత్రక తరగతిలో చేర్చుమని యజమాని అడుగవలెను. చేరిన పిమ్మటను, ఒక్క పెన్నీ చెల్లింపకున్నను, ఏటేట పన్ను నమోదు చేయింపవలెను. మరచినచో అది పన్ను కట్టని బండియే. కారును కూలికి త్రిప్పినచో ఈ మినహాయింపు లేదు. కనుక పెండ్లిండ్లకు అద్దెకిత్తమను మరది ఆలోచన అంతటితో అణగెను.

నలువది యేండ్లు దాటి, గత ముప్పదియేండ్లలో పెద్ద మార్పులు పొందని కారునకు ఏటేటి ఎం.ఓ.టి. పరీక్షయు అక్కరలేదని 2018 మే నుండి నియమము. ఈ సదుపాయము మాకు రుచింపలేదు. పరీక్ష లేదన్నంతమాత్రమున బ్రేకులు పట్టునా? చెల్లెలు మా మాట మన్నించి పరీక్ష చేయింపగా, బ్రేకు గొట్టము తుప్పుపట్టియున్నట్లు బయటపడినది. దానిని మార్పించిన పిమ్మటనే పిల్లలను ఎక్కనిచ్చినది.

కారు ఇచటనే యుంచుకొన్నవారికి ఒక మాట. మన కేంద్రప్రభుత్వము 2021లో చేసిన నియమములచొప్పున, మొదటి రిజిస్ట్రేషనుకు యాబదియేండ్లు దాటి, మూలరూపము చెడని బండి వింటేజి వాహనము. క్రొత్తగ రిజిస్టరు చేయించుటకు 20,000 రూపాయలు. అది పదియేండ్లు చెల్లును. తిరిగి చేయించుటకు 5,000. విదేశమునుండి వచ్చినదైనచో కస్టమ్సువారి బిల్ ఆఫ్ ఎంట్రీ జతపరుపవలెను. సంఖ్యలో వి.ఏ. అను అక్షరములు వచ్చును. ఇదివరకే రిజిస్టరైన బండి పాత సంఖ్యను నిలుపుకొనవచ్చును. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప దినదినము రోడ్డుపై త్రిప్పరాదు.

అయిదు వారములకు స్వాన్సీనుండి క్రొత్త పుస్తకము వచ్చినది. అందులో తయారీ 1974 అనియు, పన్ను తరగతి చారిత్రకమనియు ఉన్నవి. కారు వయస్సునకు తగిన పాతకాలపు సంఖ్యనే ఇచ్చిరి. నల్లపలకపై వెండి అక్షరములు వ్రాయించి, మరది ఛాయాచిత్రము తీసి తల్లికి పంపినాడు. ఆమె దానిని చూచి, కారు మాట ఎత్తకయే, "నా పుస్తకము తిరిగి వచ్చినదా?" అని అడిగిరట. వచ్చినది. వేసవికి చెల్లెలు దానిని చేతిసంచిలోనే పెట్టుకొని తెచ్చునట. సామానుపెట్టెలో వేయనని మాకు వ్రాసినది.