‘ఐ అగ్రీ’ అన్నదెవరు?

పాత దస్తావేజుల చివరి పంక్తి దగ్గర నేనెప్పుడూ ఒక నిమిషం ఆగుతాను. “చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని చేసిన నిశాని” అని ఉంటుంది. ధర్మపురి కోర్టులో భూతగాదాల కట్టలు విప్పే వకీలుకు ఆ మాట కొత్తది కాదు. చదువురాని రైతు బొటనవ్రేలి ముద్ర వేసే ముందు, ఆ కాగితంలో ఏముందో అతనికి తెలిసిన మాటలలో ఎవరో ఒకరు చదివి చెప్పాలి. చెప్పినట్లు సాక్షి ఉండాలి. 1872 నాటి ఒప్పందాల చట్టం 13వ సెక్షను ఏమంటుందంటే, ఇద్దరు ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకొంటేనే అది సమ్మతి. పరాయి దొర వ్రాసిన చట్టమే అయినా న్యాయమైన మాట.

ఇప్పుడు ఆ బొటనవ్రేలు సెల్‌ఫోను అద్దం మీద ఉంది. రోజుకు పదిసార్లు ‘ఐ అగ్రీ’ అని నొక్కుతుంది. చదివి వినిపించిన వాడెవడు? సాక్షి ఎవడు?

పాలక్కోడు తాలూకాలోని ఒక పల్లె నుంచి డెబ్బై దాటిన అవ్వ ఒకామె ఆ మధ్య నా దగ్గరికి వచ్చింది. చిన్ననాడు తెలుగు బడిలో అయిదో తరగతి దాకా చదివింది. భాగవతం తప్పు లేకుండా చదువుతుంది, జాబు వ్రాస్తుంది. తమిళం మాట్లాడుతుంది గానీ చదవలేదు. ఇంగ్లీషులో అంకెలు తప్ప మరేమీ తెలియవు. ఆమె మనవడు ఇంగ్లీషు, తమిళం చదువుతాడు, ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, తెలుగు అక్షరం మాత్రం గుర్తుపట్టడు. ఇది చదువుతున్న మీలో చాలామందికి ఆ ఇల్లు మీ ఇల్లే అనిపిస్తుంది.

ఒకనాడు మధ్యాహ్నం ఆమెకు ఫోను వచ్చింది. బ్యాంకు నుంచట. ఖాతా కాగితాల గడువు తీరిందనీ, ఇప్పుడు వచ్చే సంఖ్య చెబితే సరిచేస్తామనీ అన్నాడు. ఆమె చెప్పింది. ముప్పై ఎనిమిది వేల రూపాయలు పోయాయి.

“ఎట్ల నమ్మితివి అవ్వా?” అని అడిగాను.

“వాడు మన మాటలోనే మాట్లాడె నాయనా. బ్యాంకీ వాళ్లు ఏనాడన్నా మన మాట మాట్లాడిండారా? అరవమో, ఇంగ్లీషో. వీడొకడు మనోడు దొరికినాడే అని నమ్మితిని.”

ఈ మాట విన్న తరువాత రెండు రోజులు నాకు మరో పని మీద మనసు నిలవలేదు. డబ్బు దాచుకొన్న సంస్థ ఏనాడూ ఆమె భాష మాట్లాడలేదు. దొంగ మాట్లాడాడు. ఎవరిని ఏ భాషలో పలకరిస్తే తలుపు తీస్తారో దొంగకు తెలుసు. బ్యాంకుకు తెలియదా? తెలుసు. అప్పు అమ్మేటప్పుడు తెలుగు పిల్లవాడినే పల్లెకు పంపుతారు.

ఆ సంఖ్య వచ్చిన సందేశంలోనే “ఎవరికీ చెప్పవద్దు” అన్న హెచ్చరిక ఉంది. అది ఇంగ్లీషులో ఉంది. అంకెలు మాత్రం ఆమెకు అర్థమయ్యాయి, చదివి వినిపించింది. సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేక తొమ్మిది దినాలు గుట్టుగా ఉంచింది. తీరా ఫిర్యాదు చేస్తే ఒక పుట ఇంగ్లీషు ఉత్తరం వచ్చింది. సారాంశం ఒక్క మాట: నిర్లక్ష్యం.

ఆ మాట వెనుక ఒక సూత్రం ఉంది. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులరు ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మరెక్కడో జరిగితే, మూడు పనిదినాలలో తెలిపినవారికి నష్టం ఉండదు. నాలుగు నుంచి ఏడు దినాలలో తెలిపితే కొంత మేరకే భరించాలి. కానీ రహస్య సంఖ్యను ఖాతాదారే బయటపెట్టి ఉంటే అది అతని నిర్లక్ష్యం. బ్యాంకుకు తెలిపేదాకా పోయినదంతా అతని నెత్తినే. హెచ్చరిక చదివి, లెక్కచేయని వాడిని నిర్లక్ష్యపరుడనండి, ఒప్పుకొంటాను. తనకు రాని లిపిలో ఉన్న హెచ్చరికను పాటించలేదని డెబ్బై ఏళ్ల మనిషిని నిర్లక్ష్యపరురాలనడం ఏ న్యాయం? బావి చుట్టూ గోడ కట్టకుండా, పడినవాడిది కళ్లులేని తప్పు అన్నట్లుంది.

డబ్బు సంగతి ఒకటి. దానికన్నా నన్ను బాధించినది మరొకటి ఉంది. ఈ అవ్వ ఫోనుకు వచ్చే ప్రతి సందేశాన్నీ ఇన్నాళ్లూ ఎవరు చదివారు? మనవడు, పక్కింటి పిల్ల, జిరాక్సు అంగడి కుర్రవాడు, బస్సులో పక్కన కూర్చున్న మనిషి. ఖాతాలో ఎంత ఉందో, ఏ మందు కొన్నదో, ఏ కొడుకు డబ్బు పంపాడో, ఏ కొడుకు పంపలేదో అందరికీ తెలుసు. 2017 ఆగస్టు 24న జస్టిస్ పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకకంఠంతో గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఆ కేసు వేసిన పుట్టస్వామిగారు మన పొరుగు కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా చేసి విశ్రాంతి తీసుకొన్నవారు. గొప్ప తీర్పు. కానీ తన ఫోనును తాను చదువుకోలేని మనిషికి గోప్యత ఎక్కడిది? ఆమె రహస్య సంఖ్య ఆమెకు తప్ప ఊరందరికీ తెలుస్తుంది.

ఇంగ్లీషు రాకపోతే తమిళంలో ఇస్తున్నారు కదా అంటారు. తమిళం మీద నాకు ద్వేషం లేదు. రోజూ కోర్టులో వాదించేది ఆ భాషలోనే. మన చిక్కు ‘ప్రాంతీయ భాష’ అన్న మాటలో ఉంది. బ్యాంకు ఫారాలు ఇంగ్లీషు, హిందీ, ప్రాంతీయ భాష మూడింటిలో ఉండాలని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. ధర్మపురిలో ప్రాంతీయ భాష అంటే తమిళమే. భాష మనిషిది కాదు, మైలురాయిది అన్నమాట. అల్పసంఖ్యాక భాషలవారికి 1956లో కేంద్రం ఇచ్చిన రక్షణలు కూడా శాతాల లెక్కే: ఆ చోట జనాభాలో 15 నుంచి 20 శాతం ఉంటే ప్రకటనలు వారి భాషలో ప్రచురించాలన్నారు. 2004లో హోసూరు, డెంకణికోట తాలూకాలు కృష్ణగిరి జిల్లాలోకి పోయాయి. ఆ గీత ఇవతల మిగిలిన మనవారు ఏ లెక్కకూ అందని చిల్లర అయిపోయారు.

తెలుగులో ఇవ్వడం సాంకేతికంగా కష్టమన్న సాకు ఒకటి తరచుగా వింటాను. ఇరవై ఏళ్ల క్రితం చెప్పి ఉంటే నమ్మేవాళ్లం. అప్పటి ఫోన్లలో తెలుగు డబ్బాలు డబ్బాలుగా కనిపించేది. 2016లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం దేశంలో అమ్మే ఫోన్లు 22 భాషలనూ చూపగలగాలి. ఇంగ్లీషు సందేశంలో 160 అక్షరాలు పడితే తెలుగు సందేశంలో 70 పడతాయన్నది నిజమే. ఒక హెచ్చరికకు రెండు సందేశాల ఖర్చు అవుతుంది. అవనీ! 2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది. తెలుగు ‘జ్ఞా’ ఒక తీరున కూర్చి సందేశంగా పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. జ్ఞానంలోని జ్ఞా! సంగతి ప్రపంచ వార్త అయిన కొద్ది రోజులలోనే, ఆ నెల 19న, ఆపిల్ సంస్థ సవరణ విడుదల చేసింది. తెలుగు అక్షరం ఖరీదైన ఫోనును గాయపరిస్తే మందు వారంలో దొరుకుతుంది. తెలుగు అక్షరం లేకపోవడం మన అవ్వను గాయపరిస్తే ఏళ్లు పడుతుంది.

మొన్నటిదాకా నా దగ్గర ఉన్నవి ఇటువంటి నిష్ఠూరాలే. ఇప్పుడు ఒక చట్టం ఉంది.

2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 5, 6 సెక్షన్లను మన కుటుంబాలలో ప్రతివారూ తెలుసుకోవాలి. మన సమాచారం తీసుకొనేటప్పుడు ఇచ్చే నోటీసునూ, సమ్మతి కోరే విన్నపాన్నీ ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకొనే వీలు మనకు కల్పించాలి. ఏ భాషలోనైనా! ‘ప్రాంతీయ భాష’ అన్న మాట లేదు. శాతం లేదు, తాలూకా లేదు. ఎనిమిదవ షెడ్యూలులో తెలుగు ఉంది. ధర్మపురిలో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా తెలుగువాడు తెలుగులో అడగవచ్చు. రాష్ట్రాల సరిహద్దు గీసిన నాటి నుంచి, భాషహక్కు నేలను కాక మనిషిని అంటిపెట్టుకొని వచ్చిన సందర్భాలు నా వృత్తిలో బహు అరుదు. తగాదా వస్తే నోటీసు ఇచ్చామని, చట్టప్రకారం సమ్మతి తీసుకొన్నామని రుజువు చేయవలసిన భారం సంస్థదే. దస్తావేజులోని ఆ చివరి పంక్తి మళ్లీ తిరిగివచ్చింది. ఈ చట్టం పౌరుణ్ణి అంతటా ‘ఆమె’ అనే పేర్కొన్నది. మా అవ్వ కోసమే వ్రాసినట్లు.

అప్పుల విషయంలో ఇటువంటి మాట 2024లోనే వచ్చింది. అప్పు షరతుల ముఖ్యాంశాలను రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో వ్రాసి, వివరించి చెప్పాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. 2020 చివర హైదరాబాదులో రుణ యాప్‌ల వేధింపులు భరించలేక ప్రాణాలు తీసుకొన్నవారి వార్తలు మనం చదివాం. ఆ యాప్‌లు బంధుమిత్రుల ఫోను నంబర్లన్నీ లాగుకొన్నది తాళం పగులగొట్టి కాదు, ‘అలౌ’ అన్న మీట నొక్కించి.

అయితే చట్టం చూసి మురిసిపోవద్దు. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ఈ భాష సెక్షన్లు పదునెనిమిది నెలల తరువాత, అంటే 2027 మేలో అమలుకు వస్తాయన్నది ఆ ప్రకటన. పింఛను, రాయితీ వంటి వాటి కోసం ప్రభుత్వం తీసుకొనే సమాచారానికి సమ్మతి అక్కరలేదన్నారు. సమ్మతి లేని చోట తెలుగు నోటీసూ లేదు. మనవారి సమాచారం అత్యధికంగా పోయేది అటే. మరొక చేదు నిజం: సమాచారాన్ని కాపాడలేని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు, కానీ అది భారత సంచిత నిధికి పోతుంది. సంస్థల అజాగ్రత్తకు నష్టపరిహారం ఇప్పించే ఐటీ చట్టం 43ఏ సెక్షనును ఈ కొత్త చట్టం తొలగిస్తోంది. దొర ఇంట్లో దొంగలు పడితే దండుగ రాజుకు, దుఃఖం మనకు.

ఇక మన సంగతి. నా ఫోను భాష మొన్నమొన్నటి దాకా ఇంగ్లీషే. చెల్లింపుల యాప్‌లలో తెలుగు ఏళ్లుగా ఉంది. పెట్టుకొన్న ఇల్లు ఎన్ని? “తెలుగులో పెడితే నగుబాటు” అన్న యువకుణ్ణి మన సభలోనే చూశాను. నగుబాటు ఎవరికి? బడిలో తెలుగు సెక్షను కావాలన్న వినతిపత్రానికి జతచేయాలని తల్లిదండ్రుల ఆధారు నకళ్లను మేమే వసూలు చేశాం. వాటిని ఫోటోలు తీసి రెండువందల మందికి పైగా ఉన్న వాట్సాప్ గుంపులో వేసిందీ మేమే. హక్కుల కార్యకర్తలం! ఆ తప్పు ఇక్కడ అచ్చులో ఒప్పుకొంటున్నాను. మొదటి ఎనిమిది అంకెలు దాచిన ఆధారు ప్రతిని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు; ఇకమీదట సంఘం అదే అడుగుతుంది. వ్రేలిముద్రలకు తాళం వేసుకొనే సౌకర్యం కూడా ఆధారు యాప్‌లో ఉంది. వారి సహాయ సంఖ్య 1947కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. చూశారా, ఇచ్ఛ ఉంటే కుదురుతుంది. డబ్బు పోయిన గంటలోపు 1930కి ఫోను చేయండి. అవ్వలాగా తొమ్మిది దినాలు సిగ్గుపడకండి. సిగ్గుపడవలసినది మీరు కాదు.

2027 మే దాకా చేతులు ముడుచుకోనక్కరలేదు. మీ బ్యాంకుకు, మీ ఫోను కంపెనీకి, మీ గ్యాసు ఏజెన్సీకి ఒక్కొక్క కాగితం వ్రాయండి: నా భాష తెలుగు, నోటీసులూ హెచ్చరికలూ నాకు తెలుగులో కావాలి, 2023 చట్టం 5(3), 6(3) సెక్షన్లు చూడండి అని. రసీదు ముద్ర వేయించుకొని నకలు దాచుకోండి. ఒక నకలు మాకు పంపితే, వాటినన్నిటినీ కలిపి రాజ్యాంగం 350బి అధికరణం కింద ఏర్పడిన భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు పంపుతాం. సమాచార రక్షణ మండలికి వేసే ఫిర్యాదు కూడా తెలుగులో తీసుకోవాలన్నది మన రెండవ కోరిక. నోటీసు తెలుగులో ఇచ్చి, మొర మాత్రం ఇంగ్లీషులో పెట్టుకొమ్మంటే అది సగం తలుపే.

అవ్వ ఫోనును తెలుగులోకి మార్చాను. మనవడు పక్కన కూర్చొని చూశాడు. “అనుమతించు” అన్న మాట ఆమె కూడబలుక్కోకుండా చదివింది. “అనుమతించవద్దు” దగ్గర ఆగి, “ఇదీ ఉండిందా నాయనా ఇన్నాళ్లూ?” అన్నది.

ఆమె కేసు ముగియలేదు. రిజర్వు బ్యాంకు 2021 నవంబరులో చండీగఢ్‌లో, ఏ భాషలో వ్రాసిన ఫిర్యాదునైనా తీసుకొనే కేంద్రం ఒకటి పెట్టింది. ఆ అంబుడ్స్‌మన్ పథకం కింద వకీలు ద్వారా ఫిర్యాదు ఇవ్వకూడదు; కనుక నేను ప్రక్కకు తప్పుకొన్నాను. రూళ్ల కాగితం మీద, తన చేత్తో, రెండు పుటలు తెలుగులో ఆమే వ్రాసింది. కవరు మీద చిరునామా మాత్రం మనవడు ఇంగ్లీషులో వ్రాశాడు. పోస్టులో పంపారు. జవాబు కోసం చూస్తున్నాం.