కొబ్బరి నీడలో సోలార్ దీపం

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు కొత్తగా కట్టిన ఇళ్ల గేటు దిమ్మెల మీద సోలార్ లైట్లు కనిపించడం మామూలైపోయింది. కొన్ని ఊళ్లోని కరెంటు సామాన్ల షాపులో కొన్నవి, కొన్ని ఆన్‌లైన్‌లో తెప్పించినవి, కొన్ని కువైట్ నుంచో దుబాయ్ నుంచో సెలవుకు వచ్చిన పిల్లలు పెట్టెలో పెట్టుకుని తెచ్చినవి. బిగించిన వారం రోజులూ బాగానే వెలుగుతాయి. ఆ తర్వాత ఏడింటికి వెలిగి తొమ్మిదింటికల్లా ఆరిపోవడం మొదలవుతుంది. ముసురు పట్టిందంటే అసలే వెలగవు. ‘చైనా సరుకింతే’ అని ఇంటాయన తీర్పు చెప్పేసి, దాన్ని ఊడబెరికి అటక మీద పడేస్తాడు.

చాలాసార్లు తప్పు సరుకుది కాదు. బిగించిన చోట ఎండ లేదు, అంతే. కువైట్‌లో మనిషి నీడ కోసం వెతుక్కుంటాడు. కోనసీమలో ప్యానెల్ ఎండ కోసం వెతుక్కోవాలి. అక్కడ రాత్రంతా వెలిగిన లైటు ఇక్కడ కొబ్బరి చెట్ల మధ్య గేటుకి బిగిస్తే వెలగకపోవడంలో వింతేమీ లేదు. అందుకే సోలార్ లైటు కొనదలచినవాళ్లు ముందు చూడాల్సింది లైటును కాదు. తమ దొడ్లో ఎండ ఎక్కడ పడుతుంది, ఎంతసేపు పడుతుంది అన్నది. షాపుకి వెళ్లేముందు ఒక సెలవురోజు ఉదయం తొమ్మిదింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, మూడింటికి ఇంటిచుట్టూ ఓసారి తిరిగితే సగం సంగతి తేలిపోతుంది.

మిగతా సగం డబ్బు సంగతి. కరెంటు బిల్లు తగ్గుతుందని సోలార్ లైటు కొనేవాళ్లకు ఒక లెక్క చెప్పాలి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రాత్రికి పన్నెండు గంటలు వెలిగితే నెలకు మూడుంబావు యూనిట్లు కూడా కాలదు. యూనిట్ ఆరు రూపాయలు వేసుకున్నా ఇరవై రూపాయల లోపే. ఆ బల్బు ఇచ్చేంత వెలుగు రాత్రంతా ఇవ్వగల సోలార్ దీపం కొనాలంటే వేలల్లో మాట. కొన్నాళ్లకు దాని బ్యాటరీ మార్చాలి కూడా. ఇంటి గోడకు ఆనుకుని, వైరు తేలిగ్గా లాగగలిగిన చోట మామూలు ఎల్‌ఈడీ బల్బే లాభం. ఈ మాట సోలార్ లైట్లు అమ్మేవాళ్లకు నచ్చదు గానీ, లెక్క లెక్కే.

మరి సోలార్ దీపం ఎందుకూ పనికిరాదా? ఎందుకు పనికిరాదు! వైరు వెళ్లని చోట, కరెంటు నిలవని వేళ దానికి సాటి లేదు. ఈ రెండూ డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాకు కొత్తవి కావు. దొడ్డి చివర మరుగుదొడ్డి, పశువుల పాక, కొబ్బరికాయలు రాశిపోసిన కళ్లం, రొయ్యల చెరువు గట్టు, లంకకు దిగే రేవు మెట్లు, వీటన్నిటికీ వైరు లాగడం ఖర్చు, తడిలో ప్రమాదం కూడా. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆనాటి చీకటి పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తే. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. నరసాపురం నుంచి పంటు ఎక్కితే వశిష్ఠకు ఇవతలి ఒడ్డు సఖినేటిపల్లే. 2022 జూలై వరదలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లోకి నీరొచ్చింది. నీళ్లు చేరిన ఊళ్లో కరెంటు ఉంచడమే ముప్పు కాబట్టి లైన్లు ఆపేయక తప్పదు. అలాంటి రాత్రి చేతికందే ఒక్క సోలార్ దీపం విలువ బిల్లు లెక్కల్లో తేలదు.

డాబా మీద పెద్ద ప్యానెళ్లు పెట్టించుకున్నవాళ్లు ఇక్కడే పొరబడుతున్నారు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ వస్తుంది. మంచిదే, బిల్లు బాగా తగ్గుతుంది. కానీ బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన ప్యానెళ్లు కరెంటు పోయిన మరుక్షణం తామూ ఆగిపోతాయి. లైను మీద పనిచేసే సిబ్బందికి షాకు కొట్టకూడదని ఆ ఏర్పాటు. అంటే తుపాను రోజున డాబా మీద 3 కిలోవాట్లున్నా కింద వంటింట్లో చీకటే.

ఇక పెట్టె మీద వాట్ల సంగతి. అరచేయంత ప్యానెల్ ఉన్న లైటు పెట్టె మీద ‘100 వాట్లు’ అని అచ్చువేసి అమ్ముతారు. చదరపు మీటరు జాగాలో నడినెత్తి ఎండ మోసుకొచ్చే శక్తి సుమారు 1,000 వాట్లు. మంచి ప్యానెల్ అందులో ఐదోవంతును కరెంటుగా మార్చగలదు. పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ముక్కకు వచ్చేది 2 వాట్లు. మన ప్రాంతంలో రోజు మొత్తం పడే ఎండ సగటున నాలుగైదు గంటల నిండు ఎండకు సమానం. అంటే సాయంత్రానికి చేరేది తొమ్మిది వాట్‌అవర్లు. బ్యాటరీలోకి వెళ్లి బయటికొచ్చేసరికి ఆరో ఏడో మిగులుతుంది. దాన్ని పన్నెండు గంటలకు పంచితే అర వాటు పైచిలుకు దీపం. మామూలు 9 వాట్ల బల్బు వెలుగులో పదిహేనో వంతు! ప్యానెల్ మీద నీడే పడకపోతే వచ్చే లెక్క ఇది. కాబట్టి పెట్టె మీద ఎన్ని వాట్లని ఉన్నా పట్టించుకోనక్కర్లేదు. ప్యానెల్ సైజు చూస్తే చాలు, వెలుగు ఎంతో దానితోనే తెలిసిపోతుంది.

కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ వీధిదీపాలకు ఇచ్చిన నమూనా చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. 12 వాట్ల ఎల్‌ఈడీ దీపానికి వాళ్లు అడిగింది 75 వాట్ల ప్యానెల్. దీపానికి ఆరు రెట్లు. పెట్టెమీద 100 వాట్లున్న దీపానికి అరచేయంత ప్యానెల్ ఎలా సరిపోతుందో అమ్మేవాళ్లే చెప్పాలి.

ఇప్పుడు నీడ దగ్గరికొద్దాం. కోనసీమలో అసలు చిక్కంతా అక్కడే. ఇక్కడ ఇంటి పక్కన తోట ఉండడం కాదు, తోటలోనే ఇల్లు ఉంటుంది. మట్టల సందుల్లోంచి పడే ఎండ కంటికి బాగానే కనిపిస్తుంది, ‘ఎండ పడుతోందిగా’ అనిపిస్తుంది. కానీ ప్యానెల్‌లోని సెల్స్ ఒకదాని వెనక ఒకటి వరుసగా కలిపి ఉంటాయి. పంట బోదెలో ఒక్కచోట మట్టిపెళ్ల అడ్డం పడితే కింది చేలన్నిటికీ నీరు తగ్గినట్టు, ఒక్క సెల్ మీద మట్ట నీడ పడితే వరుస మొత్తం కుంటుపడుతుంది. పావు భాగం నీడ అంటే పావు నష్టం కాదు, అంతకంటే చాలా ఎక్కువ.

దీనికి తోడు తెల్లదోమ. 2016లో మన దేశంలో మొదటిసారి కనిపించిన సర్పిలాకార తెల్లదోమ కోనసీమ కొబ్బరికీ పాకింది. మట్టల అడుగున చేరి రసం పీల్చి, జిగురులాంటి తేనెబంకను కిందికి కారుస్తుంది. ఆ జిగురు మీద నల్లటి మసి బూజు పెరుగుతుంది. చెట్టు కింది అరటాకులు నల్లబడ్డం రైతులందరూ చూసిందే. అదే మసి చెట్టు కింద పెట్టిన ప్యానెల్‌నూ కప్పేస్తుంది. వానకు పోదు, తడిగుడ్డతో రుద్దాలి. పక్షి రెట్టలు దీనికి అదనం. ఎండుమట్టో కాయో రాలితే ప్యానెల్ గతి చెప్పనక్కర్లేదు.

కాబట్టి దీపం, ప్యానెల్ విడివిడిగా ఉండి, మధ్యలో నాలుగైదు మీటర్ల వైరు వచ్చే రకమే మన ఊళ్లకు సరి. దీపం పాకలో ఉంటుంది, ప్యానెల్ డాబా అంచునో, రేకు పైనో, నీడలేని గట్టు మీదో ఉంటుంది. గడ్డిలో గుచ్చే పువ్వుల్లాంటి లైట్లు, గేటు దిమ్మె మీది టోపీ లైట్లు ముచ్చట తీర్చుకోవడానికే. వాటి వెలుగులో దారి చూసుకోవాలనుకుంటే కష్టం.

రాజోలు భూమధ్యరేఖకు పదహారున్నర డిగ్రీల ఉత్తరాన ఉంది. ప్యానెల్‌ను దక్షిణానికి తిప్పి, పదిహేను డిగ్రీలు వాల్చి పెడితే ఏడాది పొడవునా బాగా పనిచేస్తుంది. ఆ వాలు ఉంటే వాననీరు నిలవదు, దుమ్ము కొట్టుకుపోతుంది. డిసెంబరు, జనవరిల్లో సూర్యుడు బాగా దక్షిణానికి వాలతాడు. అటువైపు గోడో చెట్టో ఉంటే మే నెలలో పడని నీడ అప్పుడు పడుతుంది. రాత్రి పొడుగయ్యేదీ అప్పుడే. ఎండల్లో బ్రహ్మాండంగా వెలిగిన దీపం సంక్రాంతికి మొండికేస్తే కారణం ఇదే కావచ్చు, ఒకసారి నీడ చూసుకోవాలి.

దీపాల్లో నిజంగా తెలివైన రకం ఏదంటే, మనిషి అలికిడికి వెలిగేది. దొడ్లోకి వెళ్లినప్పుడు ముప్పై సెకన్లు నిండుగా వెలిగి ఆరిపోతుంది. 5 వాట్ల దీపం రాత్రికి ముప్పైసార్లు అలా వెలిగినా ఒకటింబావు వాట్‌అవరే ఖర్చు. మూడు రోజులు ముసురు పట్టినా దిగులు లేదు. ఇందులోని సెన్సర్ కదిలే వెచ్చని ఒంటిని పసిగడుతుంది. కుక్కకీ దూడకీ కూడా వెలుగుతుంది, అది కొంచెం చిరాకే. పాముకు మాత్రం వెలగదని లెక్క. దాని ఒళ్లు చుట్టూ ఉన్న నేలంత చల్లగానే ఉంటుంది కనుక సెన్సర్‌కు ఆనదు. అయినా భయం లేదు. మనిషి అడుగు పెట్టగానే దీపం వెలుగుతుంది, గట్టు మీద ఏముందో మనకు కనిపిస్తుంది. దీపాన్ని మరీ ఎత్తులో కాకుండా రెండున్నర మీటర్ల దగ్గర, దారికి అడ్డంగా చూసేలా బిగించాలి. ఈ సెన్సర్ ఎదురుగా వచ్చేదానికంటే అడ్డంగా దాటేదాన్ని త్వరగా పట్టుకుంటుంది.

ఇక బ్యాటరీ. చవక తోట లైట్లలో ఉండేది 1.2 వోల్టుల చిన్న సెల్. కొంచెం పెద్దవాటిలో వేలెడు లావు లిథియం అయాన్ సెల్ వాడతారు. పద్దెనిమిది మిల్లీమీటర్ల అడ్డకొలత, అరవై ఐదు పొడవు కాబట్టి 18650 అంటారు. మంచి కంపెనీవే మూడున్నర వేలు, మహా అయితే నాలుగు వేల మిల్లీయాంపియర్ అవర్ల దగ్గర ఆగిపోతాయి. దాని మీద 9,900 అని రాసి ఉంటే షాపులోనే వదిలేసి రావచ్చు. మామూలు లిథియం అయాన్ ఐదారు వందల సార్లు నిండి ఖాళీ అయ్యాక బలం తగ్గుతుంది. రోజూ వాడే దీపంలో అది ఏడాదిన్నర. లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ రకం రెండువేల సార్లకు పైగా తట్టుకుంటుంది, వేడినీ ఓర్చుకుంటుంది. ధర ఎక్కువే, అయినా అదే కొనాలి. వెనకవైపు స్క్రూలున్నాయో, గమ్ముతో అతికేశారో కూడా చూడాలి. స్క్రూలుంటే రెండేళ్లకు బ్యాటరీ మార్చుకోవచ్చు. అతికేసినదైతే మొత్తం చెత్తలోకే. ఆ చెత్త పంట కాలువలో పడకూడదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుల మీద పెట్టాయి కనుక అమ్మిన షాపునే గట్టిగా అడగాలి.

పెట్టె మీద ఐపీ65 అని ఉంటే జల్లుకు, చిమ్మే నీటికి ఆగుతుందని అర్థం. మునిగితే మాత్రం ఆగదు. రేవు మెట్ల దగ్గరకి, లంక ఇళ్లకి ఐపీ67 కావాలి, అది మీటరు లోతులో అరగంట తట్టుకుంటుంది. అంతర్వేది, చింతలమోరి వైపు ఉప్పుగాలికి ఇనుప క్లాంపులు ఏడాదిలో తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు క్లాంపులు అడిగి తీసుకోవాలి. బిగింపు ఎంత గట్టిదైనా, తుపాను హెచ్చరిక రాగానే చేత్తో ఊడదీసి లోపలికి తెచ్చుకునేలా ఉంటేనే మేలు. బయట వేలాడుతూ ఎగిరిపోయే దీపం లోపల ఉంటే ఆ రాత్రికి అన్నం వడ్డించుకోవడానికి పనికొస్తుంది.

రంగు దగ్గర మనవాళ్లకి తెల్లటి వెలుగు మోజు ఎక్కువ. నీలిఛాయ ఉన్న ఆ తెలుపు పురుగుల్ని రప్పిస్తుంది. వసారాలో భోజనానికి కూర్చునే అలవాటున్న ఇంటికి పసుపు ఛాయ దీపమే హాయి. సముద్రం ఒడ్డున అయితే ఇది ఇష్టాయిష్టాల విషయం కూడా కాదు. శీతాకాలం చివర ఈ తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల పిల్లలు వెలుగున్న వైపే పాకుతాయి. మామూలుగా అయితే అది సముద్రం వైపు. ఒడ్డున తెల్లదీపాలుంటే దారితప్పి ఇటు వస్తాయి. తీరంలో రిసార్టులు కట్టేవాళ్లు దీపాలను నేలవైపుకి వంచి, ముసుగు వేసి పెట్టాలి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆర్పేస్తే ఇంకా మంచిది.

చివరగా పంచాయతీల మాట. సోలార్ వీధిదీపాలు వెలిగిన రోజున ఫొటో ఉంటుంది, ఆరిన రోజున ఎవరూ ఉండరు. బ్యాటరీ పోయిన స్తంభం కింద మళ్లీ మామూలు లైటు బిగించిన ఊళ్లు ఎన్నో. కొత్తవి పెట్టే ముందు రెండు షరతులు చాలు. స్తంభం పాతే జాగాను నడి డిసెంబరులో మధ్యాహ్నం చూసి ఖాయం చేయాలి, కొబ్బరి చెట్ల వరుసలో పాతితే బిల్లు చెల్లించకూడదు. ఐదేళ్ల మరమ్మతు, ఒకసారి బ్యాటరీ మార్పు టెండరులోనే ఉండాలి. ఆ బాధ్యత ఎవరిదో, ఏ తేదీ దాకానో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో స్తంభం మీదే, మనిషి కంటి ఎత్తులో పెయింటుతో రాయించాలి.