గృహవైద్యం: ధనుర్మాసపు చలిలో కుక్కపిల్లలు

చిత్తకార్తె అక్టోబరు నడుమ వస్తుంది. కుక్క చూలు సుమారు 63 దినాలు. ఈ రెంటినీ కలిపి లెక్కవేసినట్లయితే, మన క్వార్టర్ల మెట్ల కిందా, స్కూటరు షెడ్ల మూలల్లోనూ కుక్కపిల్లలు ధనుర్మాసపు చలిలోనే అంత ఎక్కువగా ఎందుకు కనబడతాయో బోధపడుతుంది. పెంపుడు కుక్కలు ఏ ఋతువులోనైనా ఈనవచ్చుననుకోండి. తెల్లవారుజామున బిగుసుకుపోయిన పిల్లను ఇంట్లోని బాలలు చేతులలో పెట్టుకొని తెస్తారు. గృహిణి జాలిపడి పాలు వెచ్చచేసి పోస్తుంది. ఆ పాలే దాని ప్రాణం మీదికి తేవచ్చు.

పుట్టిన మొదటి వారంలో కుక్కపిల్లకు వణికి వేడి పుట్టించుకునే శక్తి ఉండదు. దాని శరీరోష్ణత 95 నుండి 98 డిగ్రీల ఫారన్‌హీట్ మాత్రమే. తల్లి పొట్టే దానికి కుంపటి. ఒళ్ళు చల్లబడినప్పుడు పేగుల కదలిక మందగించి, పాలు అరగక కడుపు ఉబ్బుతుంది. మింగే బలం లేనందున ఆ పాలు ఊపిరితిత్తులలోకి జారే ప్రమాదమూ ఉన్నది. కనుక ముందు వెచ్చదనం, పిదప పాలు. పిల్లను పొడి తువాలుతో తుడిచి, చుట్టి, రొమ్మున ఆనించుకోవడం అన్నిటికంటె మేలైన పద్ధతి. అట్టపెట్టెలో ఉంచేటట్లయితే, గుడ్డ చుట్టిన వేడినీళ్ళ సీసాను ఒక పక్కనే పెట్టాలి. వేడి ఎక్కువైతే పిల్ల అవతలికి పాకడానికి చోటుండాలి గదా! పొయ్యి దగ్గర పెట్టడం, వేడినీటిలో ముంచడం ఎంతమాత్రం కూడదు. నిదానంగా, గంటో రెండు గంటలో పట్టినా సరే, వేడెక్కనివ్వాలి. ఈలోగా చిగుళ్ళకు ఒక చుక్క పంచదార నీరు రాయవచ్చు. నోటి లోపల వెచ్చగా తగిలి, పిల్ల మూతితో వెదకడం మొదలుపెడితే పాలకు వేళ అయినట్లే.

తల్లి ఉంటే మన పాలతో పనిలేదు. మొదటి రోజు ముర్రుపాలలో రోగనిరోధక శక్తి ఉంటుంది. ఒక దినం దాటితే దానిని పేగులు గ్రహించలేవు. బలహీనమైన పిల్లను తల్లి చన్నుకు మనమే అందించాలి. తల్లి లేనప్పుడు ఆవుపాలు చాలవు. కుక్కపాలలో కొవ్వూ, మాంసకృత్తులూ వాటికి ఇంచుమించు రెట్టింపు. పశువైద్యుని అడిగి కుక్కపిల్లల పాలపొడి తెచ్చుకొని, రెండు మూడు గంటలకొకసారి పట్టాలి. మన పసిబిడ్డను ఒడిలో వెల్లకిల పడుకోబెట్టినట్లు పడుకోబెట్టరాదు. బోర్లా ఉంచి, తల కొద్దిగా ఎత్తి పట్టాలి.

చాలామందికి తెలియని సంగతి మరొకటున్నది. పిల్ల తనంతట తాను మూత్రవిసర్జన చేయలేదు. తల్లి నాకడం వల్లనే అది జరుగుతుంది. తల్లి లేని పిల్లకు ప్రతిసారి పాలు పట్టిన తరువాత గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో పొత్తికడుపు కింద మెల్లగా ఒత్తాలి.

ఇంట్లోనే కుక్క ఈనుతున్నప్పుడు తల్లి పొరను చింపకపోతే, ఆలసించక మనమే చింపి, ముక్కూ నోరూ తుడిచి, తువాలుతో వీపును గట్టిగా రుద్దాలి. బొడ్డుతాడును పొట్టకు అంగుళం దూరాన శుభ్రమైన దారంతో కట్టి, అవతల కత్తిరించి, టించర్ అయొడిన్ పూయాలి.

కళ్ళు 10 నుండి 14 దినాలలో వాటంతటవే తెరుచుకుంటాయి, విప్పబోవద్దు. మూసిన రెప్పల కింద వాపు కనబడితే మాత్రం పశువైద్యశాలకు తీసుకువెళ్ళండి. వంటింటి త్రాసులో ప్రతిదినం తూచండి. 8, 10 దినాలకు పుట్టిన బరువు రెట్టింపు కావాలి. ఒక్క దినమైనా తగ్గితే అది హెచ్చరిక. రెండు వారాలకు నులిపురుగుల మందు, ఆరు వారాలు దాటాక టీకాలు మొదలు.

పాలిచ్చే తల్లికి కాల్షియం తగ్గి ఒళ్ళు వణకడం, కాళ్ళు కొయ్యబారడం జరిగితే పిల్లలను వేరుచేసి, ఆ గంటలోనే వైద్యునికి చూపాలి. వీధికుక్క ఈనినచోటికి పిల్లలను పంపకండి. ఎంతటి సాధువైనా అది అప్పుడు కరుస్తుంది. కరచినచో గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆ దినమే రేబిస్ టీకాకై ఆసుపత్రికి వెళ్ళాలి.