అద్దె కొంపకి మన సొమ్ముతో సున్నం

ముందే చెప్పేస్తున్నాను, ఇది చదివాక కొంతమంది మిత్రులకి నా మీద కోపం రావచ్చు. ముఖ్యంగా కంపెనీ లీజులో కొత్త కారు తీసుకుని, పాతిక ముప్ఫై వేలు పోసి దానికి సెరామిక్ కోటింగు చేయించి, బానెట్ మీద నీటి బొట్లు ముత్యాల్లా జారే వీడియోలు ఆఫీసు గ్రూపులో పెడుతున్నవాళ్లకి. వస్తే రానివ్వండి. ఆ వీడియోలు నేనూ పెట్టాను. 28 వేలు నేనూ పోశాను. ఇప్పుడు ఆ కారూ లేదు, ఆ కోటింగూ లేదు. పైపెచ్చు ఇన్సూరెన్సు వాళ్లిచ్చింది పోను నా జేబులోంచి ఇంకో 82 వేలు కట్టాను. అంచేత ఈ విషయంలో నాలుగు మాటలనే హక్కు నాకుందనే అనుకుంటున్నాను.

సంగతేంటంటే, 2022 అక్టోబరులో నేను లీజు కారు తీసుకున్నాను. వాయిదా జీతంలోంచి పన్నుకి ముందే కోసేస్తారు కాబట్టి పై శ్లాబులో ఉన్నవాడికి లాభమేనని మా టీములో అప్పటికే ఎక్సెల్ షీట్లు తిరుగుతున్నాయి. ఆ లెక్క తప్పని ఇప్పటికీ అనను. నా గొడవ లీజుతో కాదు, దాని మీద పూసే పూతతో.

ఎనికేపాడులో ఒక షోరూముకి నేనూ, మా ఆవిడా, మా మావయ్యగారూ వెళ్లాం. కొబ్బరికాయ కొట్టే ముందు టై కట్టుకున్న కుర్రాడు ఒకడు వచ్చాడు. "సార్, సెరామిక్ వేయించేద్దాం సార్. 9హెచ్ హార్డ్‌నెస్ సార్, గీత పడదు. ఐదేళ్ల వారంటీ. 28 వేలు ఇన్వాయిస్‌లోనే కలిపేస్తాం, మీకు నెలకి తెలియను కూడా తెలియదు" అన్నాడు. మావయ్యగారు మాత్రం "కొత్త బండికి మళ్లీ పూత దేనికి బాబూ?" అన్నారు. ఎప్పుడో బందరు రోడ్డు మీద లూనా నడిపిన మనిషి, ఆయనకేం తెలుసులే అనుకుని నేను సంతకం పెట్టేశాను.

నా లీజు నాలుగేళ్లు. కోటింగు వారంటీ ఐదేళ్లు. ఆ ఐదో ఏడాది ఎవరికండీ? క్లయింటు పంపిన కాంట్రాక్టులో కామా తప్పుంటే పట్టుకునే మనకి, షోరూములో ఈ చిన్న లెక్క తట్టదు. కుర్రాడికి మాత్రం మనకేది తట్టదో బాగా తెలుసు.

సరే, ఇక ఆ పూత సంగతి. కారు పెయింటులో కిందనుంచి లెక్కేస్తే, రేకుకి తుప్పు పట్టకుండా తొట్టిలో ముంచి కరెంటుతో పట్టించే పొర ఒకటి, దాని మీద ప్రైమరు, దాని మీద రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోటు. అన్నీ కలిపితే సుమారు 100 నుంచి 130 మైక్రాన్లు. అంటే రెండు తల వెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత. దాని మీద మన 28 వేల పూత మందం మహా అయితే ఒకటి రెండు మైక్రాన్లు. రాయి తగిలితే ఆపేది ఆ పూత కాదు. రాళ్లకి నిజంగా అడ్డుపడేది పీపీఎఫ్ అనే ప్లాస్టిక్ ఫిల్ము, అది 150 నుంచి 200 మైక్రాన్లు ఉంటుంది. కారంతా అది చుట్టించాలంటే ధర లక్ష దగ్గర్లో మాట.

మరి 9హెచ్? అది పెన్సిలు హార్డ్‌నెస్ అండీ బాబూ. మనం ఇంజినీరింగు మొదటి ఏడాది డ్రాయింగు క్లాసుకి కొనుక్కున్న హెచ్, 2హెచ్ పెన్సిళ్లు గుర్తున్నాయా? ఆ వరసలో 9హెచ్ పెన్సిలుతో గీసినా గీత పడలేదని దాని అర్థం. రాళ్లూ ఖనిజాలూ కొలిచే మోస్ స్కేలు వేరు. అందులో ఇసకలో ఉండే క్వార్ట్జ్ 7, వజ్రం 10. ఇక్కడ 9 అనగానే వజ్రానికి ఒక్క మెట్టు కింద అనుకుని మనం మురిసిపోతాం. కృష్ణ ఇసక లారీ వెనక నాలుగు రోజులు వెళ్లి, బండి మీద పడ్డ ఆ దుమ్ముని పొడిగుడ్డతో తుడిస్తే సెరామిక్ మీదా గీతలు పడతాయి. పైగా మా అపార్ట్‌మెంటులో కార్లు తుడిచే కుర్రాడు ఇరవై కార్లకీ ఒకటే బకెట్టు, ఒకటే గుడ్డ వాడతాడు. మా బోరు నీళ్లు ఎండితే తెల్ల మచ్చలు కట్టేవి. ఆ మచ్చలు కోటింగు మీద కూడా కడతాయని ఆరు నెలలకి తెలిసింది. దానికి "మెయింటెనెన్సు వాష్" చేయించుకోవాలట, దానికి మళ్లీ డబ్బులు.

న్యాయంగా చెప్పాలంటే లాభం అసలు లేదని కాదు. బండి కడగడం తేలికవుతుంది. కాకి రెట్ట గబుక్కున తినెయ్యదు. మెరుపు బావుంటుంది. అయితే అవి 28 వేల లాభాలా? మరీ ముఖ్యంగా, ఆ లాభం ఎవరికి?

లీజు కారు మనది కాదు. గడువు తీరాక తిరిగిచ్చేస్తాం, లేదా మిగులు విలువ కట్టి కొనుక్కుంటాం. తిరిగిచ్చేటప్పుడు వాళ్లు చూసేది సొట్టలు, లోతు గీతలు, పగిలిన అద్దాలు, అరిగిన టైర్లు, రెండో తాళంచెవి, సర్వీసు రికార్డు. సన్నగీతలూ, తగ్గిన మెరుపూ మామూలు అరుగుదల కిందకి పోతాయి. మా టీములో ఇద్దరు తిరిగిచ్చారు. ఇద్దరికీ కోత పడింది బంపరు సొట్టలకే, ఒక్కడికీ మెరుపు తగ్గిందని పడలేదు. కోటింగు సొట్టని ఆపదు. రీసేలు విలువ పెరుగుతుందంటారా? పెరిగితే ఆ రూపాయి లీజు కంపెనీకి. అద్దె ఇంట్లో ఉంటూ గోడలకి మన ఖర్చుతో సున్నాలు కొట్టించి, ఖాళీ చేసేటప్పుడు ఇంటాయన మెచ్చుకుంటాడని ఎదురుచూడడం లాంటిదే ఇది.

ఇంకో సంగతి. మన ఉద్యోగాల సంగతి మనకి తెలియంది కాదు. 2022 చివర్నుంచి మన ఫీల్డులో లేఆఫ్‌లు ఎలా నడిచాయో చూశాం. ఉద్యోగం మారినా, పోయినా లీజు మధ్యలో తెగుతుంది. కొత్త కంపెనీ బదిలీ చేసుకోకపోతే బాకీ అంతా కట్టి కారు మనమే తీసుకోవాలి, లేదా వదులుకుని చార్జీలు కట్టాలి. ఇవాళ్టి రోజుల్లో ఒకే కంపెనీలో నాలుగేళ్లుంటానని గ్యారంటీ ఇవ్వగలిగినవాడు చెయ్యెత్తండి, వాడు కోటింగు చేయించుకోవచ్చు :)

ఇక మన డెల్టాలో కారుకి అసలు గండాలు ఎక్కడున్నాయో చూద్దాం. పామర్రు నుంచి గుడివాడ, కైకలూరు మీదుగా భీమవరం వెళ్లే 165 నంబరు జాతీయ రహదారి మీద ముందు చేపల లారీ వెళ్తుంటే, దాన్లోంచి కారే ఐసు నీళ్లూ బురదా మన బండి అడుగున పడతాయి. సార్వా కోతలప్పుడు రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. రాత్రిపూట ఆ రాయి తగిలేది టైరుకీ, అడుగు భాగానికీ. మంగినపూడి బీచికి వెళ్లొస్తే ఉప్పు దూరేది అడుగున సందుల్లోకి. ఇవన్నీ కిందనుంచి వచ్చే గండాలు. మనం పూత పూయించేది పైన! బగ్గు డేటాబేసులో ఉంటే బటన్ రంగు మార్చినట్టు.

వీటన్నిటికంటే పెద్ద గండం నీళ్లు.

2024 ఆగస్టు 31, శనివారం. సింగ్‌నగర్‌లో మా అత్తగారింటికి వెళ్లాం. వాన ఆగడంలేదని రాత్రి అక్కడే ఉండిపోయాం. సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు నీళ్లు వచ్చి పడ్డాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది ఆ వరదలోనే, అయితే సింగ్‌నగర్‌ని ముంచింది బుడమేరు. గుమ్మం ముందు పెట్టిన కారు చక్రాలు మునగడం, బానెట్ మునగడం మేడ మీద నుంచి చూస్తూ నిలబడ్డాం. "బావా, స్టార్ట్ చేసి ఫ్లైఓవరు మీదకి తీసుకుపోదామా?" అన్నాడు మా బామ్మర్ది. పక్కింటి మెకానిక్ అన్నయ్యగారు "ముట్టుకోవద్దు, నీళ్లు ఇంజిన్లోకి లాగేస్తుంది" అని కేకేశారు. నాలుగు రోజులు అలాగే ఉన్నాం. పడవల్లో పాల పాకెట్లు వచ్చాయి, డ్రోన్లతో ఆహారం పొట్లాలు దించారు. మనుషుల ప్రాణాలే పోయిన చోట నేను కారు గురించి ఏడవడం సిగ్గుగానే ఉంది. కానీ చెప్పకపోతే ఇంకొకరికి తెలియదు.

నీళ్లు తీశాక కిందకి దిగి, బానెట్ మీద బురద చేత్తో తుడిచాను. కింద రంగు తళతళలాడుతోంది. కోటింగు నీటికి భయపడే రకం, హైడ్రోఫోబిక్ అని కదా చెప్పాడు కుర్రాడు. బుడమేరుకి మాత్రం కోటింగు అంటే భయం లేదు. లోపల సీట్లు, వైరింగు, ఇంజిను అన్నీ పోయాయి. సర్వేయరు వచ్చి చూసి పూర్తి నష్టం అని రాశాడు.

అప్పుడు తెరిచాను ఇన్సూరెన్సు కాయితం. రెండేళ్లలో అదే మొదటిసారి. కారు ఐడీవీ ఏడాదేడాదికీ తగ్గుతుంది. పాలసీల్లో ఉండే పట్టిక ప్రకారం బండికి ఏడాది దాటితే 20 శాతం, రెండేళ్లు దాటితే 30 శాతం తరుగు. అది కూడా షోరూము ధర మీద లెక్క. రోడ్డు టాక్సూ, రిజిస్ట్రేషనూ అందులో ఉండవు. ఇన్వాయిస్‌లో కలిపిన నా 28 వేల కోటింగూ లేదు. కానీ లీజు అప్పు మాత్రం ఇవన్నీ కలిపిన మొత్తం మీద నడుస్తోంది! ఇన్సూరెన్సు డబ్బు నేరుగా లీజు కంపెనీకి పోయింది. తీరని బాకీ, లీజు మధ్యలో మూసినందుకు చార్జీలు కలిపి 82 వేలు నా నెత్తిన పడ్డాయి. లేని కారుకి, లేని పూతకి వడ్డీతో సహా కట్టాను. "రిటర్న్ టు ఇన్వాయిస్" అనే యాడ్-ఆన్ ఉండుంటే అందులో చాలా భాగం తప్పేది. నా పాలసీలో అది లేదు. వేయించమని నేనూ అడగలేదు. మెరుపుల గురించి గంట మాట్లాడినవాణ్ణి, పాలసీ గురించి ఒక్క నిమిషం అడగలేదు.

"నీకు వరద వచ్చింది కాబట్టి అంటున్నావు, అందరికీ వస్తుందా?" అన్నాడు ఒక మిత్రుడు. రాకపోవచ్చు. ఇన్సూరెన్సు అంటేనే అది కదా! అరుదుగా వచ్చే పెద్ద దెబ్బకి కొద్ది డబ్బు. కోటింగు దానికి సరిగ్గా తిరగేసిన బేరం. రోజూ వచ్చే చిన్న గీతకి పెద్ద డబ్బు, పైగా ఆ గీతా పూర్తిగా ఆగదు. వరద మాట పక్కన పెట్టండి. బెంజి సర్కిల్ దగ్గర ఆటో గీకితే రంగు వేయించాలి కదా? మామూలు పాలసీలో పెయింటు సామాను ఖర్చులో సగం తరుగు కింద కోస్తారు. జీరో డెప్రిసియేషన్ ఉంటే ఆ కోత ఉండదు. అంటే పెయింటుని నిజంగా కాపాడేది కూడా ఆ కాయితమే.

కాబట్టి నా మాట వింటే ఇలా చెయ్యండి. షోరూములో కోటింగుకి వద్దని చెప్పండి. ఇన్వాయిస్‌లో మీకు తెలియకుండా కలిపారేమో చూడండి. పాలసీలో మూడు మాటలు వెతకండి: జీరో డెప్రిసియేషన్, ఇంజిన్ ప్రొటెక్షన్, రిటర్న్ టు ఇన్వాయిస్. నీళ్లలో స్టార్ట్ చేసి ఇంజిను పోతే మామూలు పాలసీ ఇవ్వదు, ఆ రెండోది ఉండాలి. లీజు కంపెనీయే పాలసీ తీసుకుంటే, ఇవి ఉన్నాయో లేవో వాళ్లనే మెయిలు రాసి అడగండి. కారు తుడిచేవాడికి మీ సొంత గుడ్డలు రెండు కొనివ్వండి. గడువు తీరాక కారు కచ్చితంగా మీరే కొనుక్కుంటారంటే, కొన్నాక ఆ పూతేదో వేయించుకోండి. అప్పుడు సున్నం మన ఇంటికే. ఇక వాన హెచ్చరిక వస్తే కారుని ముందురోజే ఎత్తుకి చేర్చండి. 2024 అక్టోబరులో చెన్నై వేళచ్చేరిలో జనం ఫ్లైఓవరు మీద కార్లు వరసగా పెట్టేశారు. ఆ తెలివి మనకి నెలన్నర ముందే ఉండాల్సింది.

2025లో నేను మళ్లీ లీజు కారే తీసుకున్నాను. ఈసారి కుర్రాడు కోటింగు అనగానే, "అది సరే బాబూ, ముందు పాలసీలో ఏమేం ఉన్నాయో చూపించు" అన్నాను. వాడికి తెలియక మేనేజరుని పిలుచుకొచ్చాడు. మావయ్యగారు పక్కనే ఉన్నారు, ఏమీ అనలేదు. మా బామ్మర్ది మాత్రం ఇంటికొచ్చాక "ఏంటి బావా, బండి పాతదాని అంత మెరవట్లేదు?" అన్నాడు.

మెరవకపోతే పోనీ. మీరు మాత్రం ఇవాళ పడుకునే ముందు మెయిల్లో మీ పాలసీ వెతికి ఒక్కసారి తెరవండి. రెండు నిమిషాల పని. నేను ఆ రెండు నిమిషాలూ రెండేళ్లు వాయిదా వేశాను.